పుట్టింటి ఇంజనుకు పెట్టిన పసుపు

మొన్న దసరాకు మా మనవరాలు కొత్తగా కొనుక్కున్న కరెంటు స్కూటరును, బ్రాడీపేటలో మేముంటున్న అపార్టుమెంటు కింద తులసికోట పక్కన నిలబెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు సర్ది, పసుపు కుంకుమల గిన్నెలు తెచ్చి నా చేతుల్లో పెట్టింది. మొదటి బొట్టు అమ్మమ్మే పెట్టాలని దాని పట్టు. నేను వేలితో పసుపు తీసుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగాను, ఇంకోసారి తిరిగాను, ఎక్కడా పెట్టలేక ఆగిపోయాను. మావారు పోయిన తరువాత నేను పసుపు గిన్నె పట్టుకోవడం అదే మొదటిసారి కనుక జంకుతున్నానని అనుకుంది కాబోలు, మా అమ్మాయి దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"ఏం వెతుకుతున్నావు అమ్మమ్మా?" అంది మనవరాలు.

"దీని మూతకు బెజ్జం ఎక్కడుందే?" అన్నాను.

దీనికి మూతా లేదు, బెజ్జమూ లేదు, అసలు పెట్రోలే పోయక్కర్లేదు కదా అని అది పడీపడీ నవ్వింది. నేనూ నవ్వానుగానీ నా చెవులు మాత్రం వేడెక్కాయి. ఇన్నేళ్ళయినా ఆ పడవ గుర్తుకొస్తే నాకు ముందుగా వేడెక్కేది చెవులే.

నేను కాపురానికి వెళ్ళింది తాడేపల్లికి ఎగువన, కృష్ణలో ఉన్న ఒక లంకకు. ఆ రోజుల్లో లంకలో కాపురమంటే ఎలా ఉండేదో మన వయసు వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఉప్పు రాయి దగ్గర్నుంచి పురిటికి వచ్చే మంత్రసాని దాకా అన్నీ, అందరూ పడవ మీదనే రావాలి. మా మామగారికి కాస్త మిరప చేనూ, ఒక పెద్ద చెక్క పడవా ఉండేవి. తెల్లారితే లంక జనాన్ని ఒడ్డుకు దాటించడం, పొద్దుగూకేలోగా వెనక్కి తేవడం ఆయన పని, మావారి పని. పొడుగాటి గెడకర్రలు నీళ్ళలో నేలకు దిగ్గొట్టి, ఆ కర్రను ఛాతీకి ఆనించుకుని నెట్టుకుంటూ పోయేవారు. మావారి ఛాతీ మీద కుడివైపున ఆ కర్ర కాచిన కాయ ఒకటి, రూపాయి బిళ్ళంత, చివరిదాకా అలాగే ఉండిపోయింది.

అత్తగారు నేను ఆ ఇంటికి వెళ్ళడానికి చాలా ముందే పోయారు. ఇంట్లో ఆడదిక్కు మామగారి అక్క. చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని తమ్ముడి దగ్గరకు వచ్చేసి, తల్లి లేని మావారిని తన బిడ్డలా పెంచింది. నేను పెద్దత్తయ్య అని పిలిచేదాన్ని. నన్ను ఏనాడూ నొప్పించిన మనిషి కాదు. నాకు జ్వరం వస్తే తడిగుడ్డ మార్చింది ఆవిడ, లంక నీళ్ళు పడక జుట్టు ఊడిపోతుంటే మందారాకు నూరి తలకు పట్టించింది ఆవిడ. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇంత చేసిన మనిషి పట్ల ఒక పూట నా మనసు ఎలా నడిచిందో చెప్పబోతున్నాను గనుక.

నాది చిలకలూరిపేట పక్క ఊరు. బడికి వెళ్ళిన దాన్ని కాదు. పత్తి కొట్లో పత్తి కుక్కిన బోరేల మీద కూర్చోబెట్టి మా నాన్నగారే అక్షరాలు దిద్దించారు. దేవుడి స్తోత్రాలు చదువుకోవడానికి పనికొస్తే చాలునన్నది ఆయన ఉద్దేశం, నిజానికి అంతకు మించి ఎక్కువగా నేనూ వాడుకోలేదు. అందిన ప్రతిదానికీ దణ్ణం పెట్టుకోవడం కూడా ఆయన నేర్పిందే. రాజుకున్న పొయ్యికీ, నీళ్ళు పడిన బోరుకూ, వేళకు వచ్చిన బస్సుకూ కూడా చెయ్యెత్తి మొక్కేవారు. ఆ అలవాటు నాకూ అబ్బింది, ఇప్పటికీ వదల్లేదు.

మా నాన్నగారి మిరప చేలో బోరు మీద ఒక ఆయిల్ ఇంజను ఉండేది. చేలకు కరెంటు వచ్చి మోటారు బిగించాక ఆ ఇంజను గోనెపట్టాల కింద మూలపడింది. ఒకసారి పండక్కి వెళ్ళినప్పుడు మావారు ఆ పట్టా ఎత్తి చూసి, హ్యాండిల్ పెట్టి తిప్పి చూసి, ఆ రాత్రంతా నిద్రపోలేదు. దాన్ని పడవకు బిగిస్తే గెడల బాధ తప్పుతుందని ఆయన ఆశ. అడగలేక అడిగితే, మా నాన్నగారు నవ్వి, తుప్పు పట్టకుండా ఎవరికో ఒకరికి పనికొస్తే అంతే చాలునని లారీ మీద వేయించి రేవుకు పంపారు. అలా నా పుట్టింటి ఇంజను నా మెట్టింటి పడవలోకి వచ్చింది. దాని కింది పళ్ళెంలో మా చేని మిరప గింజలు ఇంకా అంటుకునే ఉన్నాయి; ఒడ్డున మొదటిసారి తిప్పి చూసిన రోజు వాటి ఘాటు లేచి, చుట్టూ మూగిన వాళ్ళందరూ ఒక్కసారే తుమ్మారు.

మామగారికి మాత్రం అది ఇష్టం లేదు. గెడ నమ్మకమైనదని, నీళ్ళలో ఇనుమును నమ్ముకోవద్దని ఆయన పట్టుదల. కొడుకు బతిమాలగా బతిమాలగా చివరకు ఒక్క మాట అన్నారు. "సరే, దసరానాడు కట్టు. జనంతో పోతుండగా నడి ఏట్లో ఆగిందా, మర్నాడే విప్పేసి మీ మామగారికి పంపించెయ్యాలి. మళ్ళీ ఇంజనన్న మాట నా ముందు ఎత్తకూడదు." మావారు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నది ఆయనే అయినా బరువు నా నెత్తిన కూడా పడింది. వెనక్కి పంపేది మా నాన్నగారి ఇంజను కదా.

విజయదశమి ఉదయం పడవను రేవులో కట్టేసి, ఇంజనుకు పూజ చేయమన్నారు. ముత్తైదువను ఇంట్లో నేనొక్కదాన్నే. తలంటుకుని, ఉపవాసముండి, గిన్నెడు పసుపు చిక్కగా కలుపుకుని వెళ్ళాను. ఎంత సంబరమో చెప్పలేను. మా చేను తడిపిన ఇంజను, మావారి ఛాతీకి సుఖమివ్వబోయే ఇంజను అనుకుంటూ దాని ఒళ్ళంతా పసుపు బొట్లు పెట్టాను. ఇంజను పైన ఎత్తుగా బిగించిన డీజిల్ టాంకీ అమ్మవారి ముఖంలా కనిపించింది. దాని నెత్తి మీద గుండ్రటి ఇత్తడి మూత. ఆ మూతకు కిరీటంలాగా పసుపు ముద్ద మందంగా మెత్తి, నడిమధ్య కుంకుమ అద్దాను.

పెద్దత్తయ్య పూజ దగ్గరకు రాలేదు. అప్పటి ఆచారం మీకు తెలుసు. దూరంగా గట్టు మీద చెప్పుల దగ్గర కూర్చుని చూస్తోంది. అక్కడి నుంచే పిలిచి, "ఇక చాల్లే అమ్మాయ్, అంత మందాన మెత్తకు. దానికీ ముక్కంటూ ఒకటుంటది కదమ్మా, ఊపిరాడొద్దూ!" అంది. ఆవిడకు ఇంజను సంగతి తెలిసి అనలేదు, ఊరికే వేళాకోళానికి అంది. నేను నవ్వలేదు. పసుపు ముట్టుకోకూడని మనిషికి పసుపు గురించి మాటలెందుకు అనుకున్నాను. పైకి అనలేదుగానీ అనుకున్నాను. ఇంకో వేలెడు పసుపు తీసి అదే మూత మీద మెత్తాను.

పండగపూట కొండ మీది అమ్మవారి దర్శనానికని లంక జనం పడవ నిండా ఎక్కారు. పత్తి మొదటి తీత బేరాలకు వచ్చి రాత్రి లంకలోనే ఉండిపోయిన ఒక సాయిబుగారు కూడా ఎక్కారు. పెద్దత్తయ్య గట్టు మీదే ఉండిపోతే మావారు హ్యాండిల్ పట్టుకోకుండా నిలబడ్డారు. "నువ్వు రాకపోతే నేను తిప్పనత్తా" అన్నారు. ఆవిడ వద్దురా, నేనెందుకురా అంటూనే, కళ్ళలో సంతోషం దాచుకోలేక వచ్చి, వెనక మూలన కొబ్బరికాయల బుట్టల మధ్య ఒదిగి కూర్చుంది. మామగారు పడవ ముందు కొసన గెడ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. మళ్ళీ మిరప ఘాటు, మళ్ళీ తుమ్ములు, నవ్వులు. ఒడ్డు దానంతటదే వెనక్కి జరిగిపోతుంటే మావారి ముఖం చూడాలి! నేను టాంకీ పక్కన చేతులు జోడించుకుని నిలబడి స్తోత్రం చదువుకుంటున్నాను. సగం ఏరు దాటామో లేదో, దాని చప్పుడు మారింది. మెట్లెక్కిన ముసలివాళ్ళలా ఆయాసపడి, రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది. అంత చప్పుడు తరువాత వచ్చిన నిశ్శబ్దంలో నీళ్ళు పడవ చెక్కను తాకడం వినిపించింది. పడవ మెల్లగా పక్కకు జారి ఒక ఇసుక మేటకు ఆనుకుంది. అటు రేవులోనూ, ఇటు రేవులోనూ జనం నిలబడి చూస్తున్నారు.

ఆ పడవలో ఇంజను సంగతి తెలియని మగవాడు లేడు. అందరూ మిరప, పత్తి వేసే రైతులే. ప్రతివాడి బోరు మీదా అలాంటి ఇంజను ఒకటి ఆడిందే.

"డీజిలే పోశావంట్రా, తొందర్లో కృష్ణ నీళ్ళు పోశావా?"

"నాజిల్ పట్టేసుంటది. ఊడదీసి ఊదు."

"నాజిలూ లేదు, నీ మొహమూ లేదు. నీ ఇంజను ఆగితే నాజిలని పోయినేడు సగం చేను ఎండబెట్టుకున్నావు. గాలి పట్టింది, ఆ నట్టు వదులు చెయ్యరా అబ్బాయ్."

ఈ చివరి మాటన్నది మామగారికి బావ వరసైన ఒక పెద్దాయన. గొంతు విప్పితే అవతలి ఒడ్డుకు వినపడేది. మావారు ముందు మూత తీసి పుల్ల ముంచి చూశారు. డీజిల్ నిండుగా ఉంది. మూత పెట్టి తిప్పితే అందుకుంది! అందరూ హమ్మయ్య అన్నారు. నాకు మాత్రం మూత మీది బొట్టు ఆయన వేళ్ళకు చెరిగిపోయి కనిపించింది. మొదటి ప్రయాణంలో బొట్టు చెరగడం ఎంత అపశకునం! గబగబా గిన్నెలోంచి పసుపు తీసి మునుపటికన్నా దిట్టంగా మెత్తాను. పడవ ఇసుక వదిలి కాస్త కదిలిందో లేదో, మళ్ళీ అదే ఆయాసం, అవే ఎక్కిళ్ళు. మళ్ళీ మేట మీదకే వచ్చి ఆనింది.

ఈసారి మావారు పానా పెట్టి నట్టు వదులు చేశారు. మూత తీసి డబ్బాలోంచి ఇంకాస్త డీజిల్ పోశారు. గొట్టంలోంచి బుడగలు బుడగలుగా గాలి పోయి డీజిల్ ధార కట్టింది. నట్టు బిగించి, మూత పెట్టి తిప్పితే అందుకుంది. బావగారు మీసం దువ్వుకుని, "చెప్పలా? గాలి!" అన్నారు. నేను మళ్ళీ బొట్టు దిద్దాను. అది మళ్ళీ ఆగింది. ఇలా ఆగడం, ఎవరో ఒకరి సలహా మీద మావారు మూత తీసి చూసి పెట్టడం, తిప్పడం, అందుకోవడం, నేను భక్తిగా పసుపు మెత్తడం, అది ఊపిరి విడవడం. ఇప్పుడు తలుచుకుంటే అంతమంది తెలిసినవాళ్ళలో ఒక్కరి చూపూ నా చేతి మీద పడకపోవడమే వింతగా ఉంటుంది. బొట్టు పెట్టే చేతిని ఎవరు అనుమానిస్తారు?

ఎండ ఎక్కుతోంది. మామగారు లేచి నిలబడ్డారు. బుట్టల దగ్గర కూర్చున్న ఒకావిడ ఎవరి వైపూ చూడకుండా, "కొత్త పని మొదలెట్టేటప్పుడు కాస్త ముందూ వెనకా చూసుకోవద్దూ, ఎవరెవర్ని ఎక్కించుకుంటున్నామో!" అంది. ఎవరూ తల తిప్పలేదుగానీ అందరి మనసులూ వెనక మూలకు తిరిగాయి. బావగారు గొంతు తగ్గించాననుకుని, "పోయేదేముంది బావా, ఒక్కసారి అక్కయ్యగారిని ఇసుక మీద దింపి తిప్పి చూద్దాం" అన్నారు.

"అదేం మాటండీ పెద్దాయనా" అన్నారు సాయిబుగారు. "అది డీజిల్ తాగుద్దిగానీ శకునాలు చూస్తదా? ఎవరెక్కారో ఇంజనుకేం తెలుసు?"

మావారు "నువ్వు కూర్చో అత్తా" అన్నారుగానీ ఆ గొంతులో బలం లేదు. ఆయన కళ్ళు తండ్రి చేతిలోని గెడ మీద ఉన్నాయి. మామగారు ఆ గెడను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నారు. పెద్దత్తయ్యే లేచింది. "దిగుతాలేరా, దానికేం. కాళ్ళు కడుక్కున్నట్టుంటది" అని నవ్వుతూ, కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, ఎవరి చెయ్యీ అందుకోకుండా నీళ్ళలోకి దిగి, ఇసుక మేట మీద నిలబడింది. చీర అంచు తడిసి కాళ్ళకు చుట్టుకుంది. మా వైపు చూడకుండా కొండ వైపు తిరిగి నిలబడింది.

నా కథలో అసలైన సిగ్గు ఇక్కడ ఉంది. పసుపుతో బెజ్జం మూయడం తెలియక చేసిన పని, దానికి నవ్వుకోవచ్చు. ఆవిడ దిగుతున్నప్పుడు నేను ఏమనుకున్నానో అది తెలియక కాదు. దిగితే దిగిందిలే, ఒకసారి చూద్దాం అనుకున్నాను. నా పెదాలు స్తోత్రం చదువుతూనే ఉన్నాయి.

"ఇదే ఆఖరు" అన్నారు మామగారు. "ఇప్పుడు నడవకపోతే పానాలు పక్కన పడేసి గెడ అందుకో."

ఆఖరు ప్రయత్నం కదా, ఈసారి ముందే బొట్టు సరిచేద్దామని టాంకీ మీదకు వంగాను. ఇందాక మెత్తిన పసుపు ముద్ద నడుమ, కుంకుమలో, చిన్న గుంట పడి ఉంది. సూదితో గుచ్చినట్టు కాదు, లోపలి నుంచి ఎవరో పీల్చుకున్నట్టు. వేలు పెడితే వేలి కొన పట్టుకున్నట్టయింది. మూత తిప్పి ఎత్తాను. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన పసిబిడ్డ ఎగశ్వాస తీసినట్టు, టాంకీ సుయ్యిమని గాలి పీల్చుకుంది. మూత వెల్లకిలా తిప్పి చూస్తే ఇత్తడిలో సూది మొనంత బెజ్జం, దాని నిండా నా పసుపు. లోపలికి గాలి పోతేనే కిందకు డీజిల్ దిగుతుంది. మావారు మూత తీసినప్పుడల్లా అది ఊపిరి పీల్చుకుంది, నేను పూజ చేసినప్పుడల్లా దాని ఊపిరి ఆగింది. దానికీ ముక్కంటూ ఒకటుంటది కదమ్మా అన్న మాట చెవిలో మళ్ళీ వినిపించింది.

కొంగుతో తుడిచాను. నోటితో ఊదితే బెజ్జంలోంచి పసుపు ఎగిరిపోయింది. మూత పెట్టేశాను. మావారు అటు తిరిగి హ్యాండిల్ అందుకుంటున్నారు, ఎవరూ చూడలేదు. ఇంజను ఇక ఆగదని ఆ పడవలో తెలిసింది నాకొక్కదానికే. నేను నోరు మూసుకుంటే చాలు, అన్నీ చక్కబడతాయి. ఇంజను ఉంటుంది, మావారి మాట నిలుస్తుంది, నా పుట్టింటి పేరు నిలుస్తుంది, నా భక్తికి మచ్చ రాదు. ఒక్కటే, ఆవిడ దిగింది కాబట్టే ఇంజను నడిచిందన్న మాట ఆ పూటే రెండు రేవులూ దాటుతుంది. ఇక ఆవిడ బతికినంతకాలం ఏ పడవా, ఏ బండీ ఎక్కదు, ఎక్కించుకునేవాళ్ళూ ఉండరు. ఇదంతా నాకు ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను. ఆయన హ్యాండిల్ బిగించి, కాలు నిలదొక్కుకుని, ఊపిరి బిగబట్టేదాకా ఊరుకున్నాను. అప్పుడు పెద్దత్తయ్య, తిప్పుతున్నారేమోనని, తన వల్ల ఏ అడ్డూ ఉండకూడదన్నట్టు ఇసుక మీద ఇంకో రెండడుగులు దూరం జరిగింది. అది చూడలేకపోయాను.

"ఆగండి! తిప్పొద్దు!" అని అరిచాను. మామగారి ఎదుట నేను గొంతు ఎత్తి మాట్లాడటం అదే మొదటిసారి. అంతవరకు ఆయనకు ఏం చెప్పాలన్నా పెద్దత్తయ్య చేతనే చెప్పించేదాన్ని. "పెద్దత్తయ్య ఎక్కిందాకా తిప్పొద్దు."

మావారు హ్యాండిల్ వదలకుండానే వెనక్కి చూశారు. "ఏమైందే?"

"మూతకు బెజ్జం ఉందండీ. అది మూసుకుపోయింది. నేనే మూశాను, పసుపుతో. ఒకసారి కాదు... మీరు తీసినప్పుడల్లా."

ఆయన మూత తీసి ఎండకెత్తి పట్టుకున్నారు. బెజ్జంలోంచి వెలుతురు చుక్క ఆయన చెంప మీద పడింది. ఆయన నన్ను ఏమీ అనలేదు. కానీ అనేవాళ్ళకు కరువా?

"ఓరి దీని దుంప తెగ! కోడలుపిల్ల ఇంజనుకు పేరంటం చేసిందిరా!" అని బావగారు తొడ చరుచుకున్నారు. "ముక్కు మూసి మరీ బొట్టు పెట్టావు గదమ్మా! తాంబూలం కూడా ఇవ్వలేకపోయావా?"

"భక్తి ఉండాలిగానీ తల్లీ, మరీ గరిటెలు గరిటెలా!" అంది బుట్టలావిడ. ఇందాక అన్న మాట ఆవిడకు అప్పుడే గుర్తులేదు.

పడవంతా ఊగిపోయేలా నవ్వారు. పసుపు గిన్నె ఎక్కడ దాచుకోవాలో తెలియక కొంగు కింద పెట్టుకుని తల దించుకున్నాను. ఆ నవ్వుల మధ్య మామగారు గెడ కింద పెట్టారు. పంచె పైకి కట్టి నీళ్ళలోకి దిగారు. ఇసుక మీదకు నడిచి వెళ్ళి అక్క ఎదుట చెయ్యి చాపారు. "రా అక్కా, ఎక్కు" అన్నారు. ఆవిడ "ఎందుకురా, నీళ్ళు చల్లగా బాగున్నాయి" అంటే, ఆయన చెయ్యి చాపి అలాగే నిలబడ్డారు. నవ్వులు ఒకటొకటిగా ఆగిపోయాయి. ఆయన ఆవిడను పట్టుకుని ఎక్కించి, వెనక మూలకు పోనివ్వకుండా తెచ్చి ఇంజను పక్కన కూర్చోబెట్టారు. సాయిబుగారు తన పైపంచె పరిచి జాగా ఇచ్చారు. బావగారు అంత గొంతూ మింగేసి ఏటి వైపు చూస్తూ కూర్చున్నారు.

ఇంజను ఒక్క తిప్పుకు అందుకుని, అవతలి రేవు దాకా ఎక్కడా తడబడలేదు. ఒడ్డున దిగాక మామగారు కొడుకుతో, "ఇంజను తప్పు కాదులేరా, ఉండనీ" అన్నారు. నాతో మొదటిసారి సూటిగా, "అమ్మాయ్, జాగ్రత్తగా దిగు" అన్నారు. అంతే.

ఆ తరువాత చాలాకాలం రెండు రేవుల్లోనూ నా పేరు పసుపింజను కోడలే. చిలకలూరిపేటలో మా నాన్నగారి దాకా పాకింది. ఆయన నవ్వి, మూతకు బెజ్జముందని చెప్పి పంపడం మరిచిన తప్పు తనదేనని కబురు చేశారు. ఇంటికొచ్చిన ఆడవాళ్ళు నన్ను ఎగతాళి చేస్తే పెద్దత్తయ్య అడ్డం పడి, చిన్నపిల్ల, భక్తి ఎక్కువై చేసింది, మీరు చెయ్యలేదా తప్పులు అని గదమాయించేది. ఆవిడ అలా వెనకేసుకొచ్చిన ప్రతిసారీ నాకు ఇంకా కుంచించుకుపోయినట్టుండేది. ఆ రోజు నేను అరిచిన మాట ఆవిడ విన్నది. అరవక ముందు ఊరుకున్న కాసేపటి సంగతి ఆవిడకు తెలియదు. తెలిసినా ఇలాగే వెనకేసుకొచ్చేదేమో, అదే నన్ను ఎక్కువ బాధించేది.

ప్రతి దసరాకూ ఇంజనుకు పూజ జరిగేది. ఆవిడ గట్టు మీద చెప్పుల దగ్గరే కూర్చుని, వేలు చూపించి, "అక్కడొద్దు. ఆ పక్కన" అనేది. నేను ఆ పక్కనే పెట్టేదాన్ని. అది మా ఇద్దరికీ ఒక ఆటలా అయిపోయింది. చూసేవాళ్ళు మా అన్యోన్యానికి ముచ్చటపడేవారు. కానీ గిన్నె పట్టుకుని గట్టు ఎక్కి, మీరే పెట్టండి అని ఒక్క ఏడు కూడా నేను అనలేదు. అంటే ఆవిడ తప్పకుండా వద్దనేది. ఆ వద్దనే మాట ఆవిడను అననివ్వాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆవిడ పోయింది. మామగారు పోయారు. లంకలో చేలున్నవాళ్ళు ఒక్కొక్కరే ఒడ్డున ఇళ్ళు కట్టుకున్నారు, పడవ రేవులోనే చివికిపోయింది, ఇంజనును ఎవరో విప్పి పట్టుకుపోయారు. మావారు నన్ను బ్రాడీపేటలో మా అమ్మాయి దగ్గర వదిలి తానూ వెళ్ళిపోయారు. ఇప్పటి బండ్లు ఆగితే నలుగురు మూగి నాలుగు మాటలనడం లేదు. ఫోను చేస్తే ఎవరో వచ్చి మొత్తం బండిని ఎత్తుకుపోతున్నారు. లోపల ఏముందో, ఎక్కడ ఊపిరి పీల్చుకుంటుందో ఎవరికీ తెలియనక్కర్లేదు. ఆ మూగడం, ఆ సలహాలు, ఆ తిట్లు పోయినందుకు నాకు కాస్త దిగులే. వాటితోపాటు మూలన కూర్చున్న మనిషి వైపు అందరి మనసులూ తిరగడం కూడా కొంత పోయింది; అందుకు మాత్రం రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.

మొన్న మా మనవరాలు పసుపు గిన్నె నా చేతిలో పెట్టేటప్పుడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వాళ్ళ అమ్మ వైపు చూడలేదు, ఎవరినీ అడగలేదు. నీళ్ళ గ్లాసు అందించినట్టు అందించింది. పెద్దత్తయ్యకు నేను అన్నేళ్ళూ ఇవ్వలేకపోయింది ఆ పిల్ల నాకు అంత తేలిగ్గా ఇచ్చేసింది.

"పెట్టు అమ్మమ్మా, నాకు టైమవుతోంది" అని తొందరపెట్టింది. స్కూటరు ముందు దీపం కింద గోరంత పసుపు పెట్టి, పైన కుంకుమ అద్దాను. చెయ్యి వెనక్కి తీసుకుని కాసేపు నిలబడ్డాను. అక్కడొద్దు, ఆ పక్కన అని ఎవరూ అనలేదు.